పగలగొట్టిన ఇల్లు ఎక్కడికీ పోదు

ఆ పిల్లని పంపేసింది మీరే. ఇంకెవరో కాదు.

లూబెన్ మేస్త్రీ, ముందు నువ్వు. ఒక్క పూటలో సమ్మెట తిప్పేసి, ముప్ఫై ఏడు రోజులు మొహం చాటేసినవాడివి. పిల్లల కమిటీ వాళ్ళూ, తర్వాత మీరు. పిల్ల ఎవరి దగ్గరుంటే నవ్వుతుందో చూడకుండా గోడలకి ఏముందో చూసినవాళ్ళు. ఆపైన మనం, ఈ మేడలో మూడో గుమ్మం మెట్లెక్కేవాళ్ళం. "లూబెన్‌ది బంగారం లాంటి చెయ్యి, కాకపోతే కాస్త నానుస్తాడు" అని నవ్వుతూ స్నెజీనాని వాడి చేతిలో పెట్టింది మనమే. ఎవరి వాటా వాళ్ళు మోయండి. ఎంత బరువో తెలియాలంటే జరిగింది జరిగినట్టు వినండి.

స్నెజీనాకి నలభై మూడేళ్ళు. బస్టాండు పక్క రొట్టెల దుకాణంలో పొద్దుటి షిఫ్టు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "పిండి పిసికే చేతులకి ఉంగరం అడ్డం" అంటుంది, అక్కడితో ఆ మాట అయిపోతుంది. గనిలో పనిచేసి పోయిన తండ్రి వదిలిన రెండు గదుల ఇల్లు, నాలుగో అంతస్తు. చెల్లెలు నెవియానా మార్చిలో చనిపోయింది. ఆమె కూతురు రాలిత్సాకి ఆరేళ్ళు. తండ్రి పేరు రాయాల్సిన చోట కాగితాల్లో గీత గీసి ఉంది.

తల్లి పోయిన నాలుగో రోజున పిల్లని కొండమీది పిల్లల హోముకి తీసుకుపోయారు. సొంత పెద్దమ్మ ఇక్కడుండగా హోమెందుకని స్నెజీనా అడిగితే, "ముందు దరఖాస్తు, తర్వాత తనిఖీ, ఆ తర్వాత కమిటీ" అన్నారు. అలా ఏడు నెలలు. ప్రతి ఆదివారం స్నెజీనా వేడి బానిత్సాని కాగితంలో చుట్టుకుని కొండెక్కేది. పిల్ల దాని పొరలు ఒక్కొక్కటే విప్పి, లోపలి తెల్ల ఛీజ్‌ని చివరికి దాచుకుని తినేది. తిన్నాక ఒకే ప్రశ్న.

"పెద్దమ్మా, ఇవాళ్టికి కూడా కాదా?"

"ఇవాళ్టికి కాదమ్మా."

అక్టోబర్ మొదటి వారంలో తనిఖీకి పెన్కోవా మేడమ్ వచ్చింది. కమిటీ తరఫున ఇళ్ళు చూసే మనిషి. చెడ్డది కాదు, చలికి ముక్కు ఎర్రబడి, మూడు ఫైళ్ళు చంకలో పెట్టుకుని, గుమ్మంలో బూట్లు విప్పి స్నెజీనా ఇచ్చిన చెప్పులేసుకుంది. పిల్ల గదిలో కొత్త మంచం చూసింది, దుప్పటి పట్టి చూసి బాగుందంది. బాత్రూమ్‌లోకి తొంగిచూసి, స్నానాల తొట్టి పైన మూలని పెన్నుతో చూపించింది. చెమ్మకి గోడ అరచేయంత మేర నల్లగా బూజు పట్టి ఉంది.

"ఇది తీయించండి. నవంబర్ పద్నాలుగు, గురువారం, మళ్ళీ వస్తాను. ఈసారి పిల్లని కూడా తీసుకొస్తాను, ఇల్లు అదీ చూసుకోవాలిగా. మర్నాడే కమిటీ."

"అప్పుడిస్తారా పిల్లని?"

పెన్కోవా ఫైల్లోంచి ఒక కాగితం తీసి చూసింది. "మీతో పాటు ఇంకో కుటుంబం కూడా అడిగింది. సిలిస్త్రాలో. వాళ్ళ ఇల్లు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. మీరు సొంతవాళ్ళు కాబట్టి మొదటి హక్కు మీదే, ఇల్లు సరిగా ఉంటే."

సిలిస్త్రా అంటే దేశానికి ఆ కొస. పొద్దున బస్సెక్కితే చీకటి పడేవేళకి దిగుతారు. ఆదివారం బానిత్సా పట్టుకుని వెళ్ళిరాగలిగే చోటు కాదు.

ఇదీ లెక్క. అరచేయంత బూజు, నలభై రోజులు, ఒక పిల్ల. ఇంత చిన్న పని ఎలా చెడిందంటారా? మన అలవాట్ల వల్ల చెడింది.

లూబెన్ గురించి స్నెజీనాకి చెప్పింది కింద అంతస్తులో ఉండే స్తోయ్నా. బట్టలు కుట్టే ముసలామె, నోరు పెద్దది, మనసు కూడా. "నా వంటిల్లు వాడే చేశాడు. నాలుగు నెలలు పట్టిందిలే, కానీ చూడు ఎలా మెరుస్తోందో" అంది. నాలుగు నెలలన్న మాట నవ్వుతూ అంది. మనందరం అది నవ్వుతూనే అంటాం.

లూబెన్ ఒక సాయంత్రం వచ్చాడు. ఏభై దాటినవాడు, భుజాలు వెడల్పు, గోళ్ళ సందుల్లో ఎప్పటికీ పోని సిమెంటు. వంటింటి బల్ల మీద స్నెజీనా రకియా సారా సీసా, టమాటా దోసకాయ ముక్కలు పెట్టింది. మేస్త్రీ వస్తే అలా పెట్టాలి. అతను ముట్టుకోలేదు, ముందు పని చూస్తానన్నాడు. బాత్రూమ్ గుమ్మంలో నిలబడి, రోగి ఎక్స్‌రే చూసే డాక్టరులా గోడల్ని పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఎవడు చేశాడమ్మా నీకిది?"

స్నెజీనా చెవులు వేడెక్కాయి. నేల మీది ఆ రంగురాళ్ళ ముక్కల్ని ఒక్కొక్కటే ఏరి పేర్చింది ఆమె తండ్రి. గని క్యాంటీన్‌కి వేయగా మిగిలినవి సంచిలో మోసుకొచ్చి, సెలవు రోజుల్లో, మోకాళ్ళ మీద కూర్చుని.

"పాతది. ఎప్పుడో చేశారు" అంది.

"చేసినవాడు మేస్త్రీ కాదు, కసాయి. ఆ మూల చూడు. రసమట్టం పెట్టకుండా కంటితో కొట్టాడు. నీళ్ళు ఎటు పోవాలో నీళ్ళకే తెలియట్లేదు."

"బూజు గీకి రంగేస్తే చాలదా? ఆవిడ రాసింది అంతే."

"ఆవిడ మేస్త్రీనా? బూజు లోపలినుంచి వస్తోంది. పైన రంగేస్తే పుచ్చుపన్నుకి సున్నం కొట్టినట్టు. నీ ఇష్టం తల్లీ. పీల్చేది నీ పిల్ల, నేను కాదుగా."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. స్నెజీనా అడిగింది. "మొత్తం మార్చాలంటే ఎన్నాళ్ళు?"

"పది రోజులు. నేను పదన్నానంటే పది."

అప్పుడు కూర్చున్నాడు. అప్పుడు గ్లాసు ఎత్తాడు. రెండో గ్లాసుకి స్నెజీనా దుకాణంలో ఆర్డర్లు రాసుకునే పుస్తకం బల్ల మీద పెట్టింది. "ఏ తేదీకి ఏ పని అవుతుందో రెండు ముక్కలు రాసుకుందామా, లూబెన్ అన్నా? పద్నాలుగో తేదీ ఉంది కదా, దానికోసం."

లూబెన్ గ్లాసు దించాడు. కోప్పడలేదు, నొచ్చుకున్నాడు. మనవాళ్ళు నొచ్చుకుంటే కోపం కంటే ఎక్కువ పనిచేస్తుంది.

"స్నెజీనా, మీ నాన్నా మా నాన్నా ఒకే షిఫ్టులో గనిలోకి దిగినవాళ్ళు. మన మధ్య కాగితమా? కాగితాలే కావాలంటే రాజధానికి పోయి సోఫియా కంపెనీని పిలుచుకో. రంగురంగుల కాగితాలిస్తారు, చదువుకుంటూ స్నానం చెయ్యి."

ఆమె సిగ్గుపడి పుస్తకం మూసేసింది. సారీ చెప్పి ఇంకో గ్లాసు పోసింది. రకియా పోసిన బల్ల మీద పెన్ను తీయకూడదు, మనకి పుట్టినప్పటినుంచి తెలిసిన మర్యాద. ఆ మర్యాదే గొంతు కోసింది.

అక్టోబర్ ఎనిమిది, మంగళవారం, లూబెన్ సమ్మెటతో వచ్చాడు. మేస్త్రీలు చెప్పిన రోజుకి తప్పకుండా వచ్చేది ఒక్క రోజే, పగలగొట్టే రోజు. మధ్యాహ్నానికి కమోడ్ లేదు, తొట్టి లేదు, వాష్‌బేసిన్ లేదు, గోడల సున్నం లేదు. పాత ఇనప పైపులు మొండి వేళ్ళలా గోడలోంచి బయటికి చూస్తున్నాయి. నేల మీది రంగురాళ్ళు లేచాక కింద సిమెంటు పొర కనపడింది. దాని మీద ఎవరో పచ్చిగా ఉన్నప్పుడు వేలితో రాశారు. 1984 మే, స్నెజీనా, నెవియానా.

లూబెన్ ముక్కలు అటూ ఇటూ కాలితో జరిపి చదివాడు. గుమ్మంలో నిలబడ్డ ఆమె వైపు చూశాడు.

"మీ నాన్నా?"

"ఊఁ."

"ముందే చెప్పొచ్చుగా."

"కసాయి అన్నావుగా. ఎలా చెప్పను?"

అతను కాసేపు సమ్మెట కర్ర మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు. ఆ క్షణంలో పని ఆపి, ఉన్నదాన్ని బాగుచేసి ఉంటే ఈ కథ ఉండేది కాదు. "మొదలెట్టాక ఆపకూడదు" అని సమ్మెట ఎత్తాడు. ముందు నెవియానా పేరు పోయింది, తర్వాత స్నెజీనాది. ఇరవై ఒక్క సంచుల చెత్త నాలుగు అంతస్తులు దించి, "రేపు పైపులు" అని వెళ్ళిపోయాడు.

రేపు రాలేదు. ఎల్లుండీ రాలేదు. ఫోన్ ఎత్తితే "రేపు" అనేవాడు. ఎత్తకపోతే అర్థం, అది కూడా రేపే. మన గుమ్మంలో ముసలాళ్ళు అంటారుగా, లూబెన్ క్యాలెండర్‌లో ఒకే రోజుంటుందని. నవ్వాం మళ్ళీ.

ఇంట్లో బాత్రూమ్ లేని ఆడమనిషి ఎలా బతుకుతుందో చెప్పక్కర్లేదు. స్తోయ్నా తాళంచెవి ఇచ్చింది. "ఎప్పుడైనా రా. నీకోసం సీటు వెచ్చబెట్టి ఉంచుతా" అనేది మొదట్లో. నెల గడిచేసరికి ఆ జోకు కూడా అరిగిపోయింది. కొన్నిసార్లు తలుపు తీసి ఏమీ అనకుండా పక్కకి జరిగేది. స్నెజీనా సాయంత్రం నీళ్ళు తాగడం మానేసింది.

ఆదివారం పిల్ల అడిగింది. "మన బాత్రూమ్ ఏ రంగు?"

"తెలుపు" అంది స్నెజీనా. "నీకు తెలుపు ఇష్టమేనా?"

"హోములో ఆకుపచ్చ. నాకు తెలుపే ఇష్టం."

పదిహేడో రోజున ఆమె షిఫ్టు మార్చుకుని, మేస్త్రీల వ్యాన్లు ఆగే పెట్రోల్ బంకు దగ్గరికి పోయింది. మన ఊరి మేస్త్రీలందరూ పొద్దున్నే అక్కడినుంచే సోఫియాకి పోతారు, అక్కడ రెండింతలు ఇస్తారు కనక. లూబెన్ కాగితపు కప్పులో కాఫీ తాగుతూ ఉన్నాడు. ఆమెని చూసి దాక్కోలేదు. నిజానికి సంతోషంగా చెయ్యూపాడు.

"వస్తాను స్నెజీనా, వస్తాను. సోఫియాలో నాలుగు ఇళ్ళు పగలగొట్టి ఉన్నాయి, అందులో ఒకటి లాయరుది. వాడు అరుస్తాడు. నువ్వు అరవవుగా, మంచిదానివి."

"అరవాలా అయితే?"

"వద్దొద్దు. నీకేం భయం? నీ ఇల్లు పగలగొట్టేశాను కదా."

"అదే కదా నా భయం."

అతను పిల్లలకి చెప్పినట్టు చెప్పాడు, ఓపిగ్గా. "చూడు. పగలగొట్టిన ఇల్లు ఎక్కడికీ పోదు. పగలగొట్టని ఇల్లే ఇంకొకడి చేతికి పోతుంది. అందుకే ముందు పగలగొట్టి పెట్టుకుంటాం. నీది నాదే, ఇంకెవడూ ముట్టుకోడు."

ఇది వాళ్ళ వ్యాపారం. దాచిపెట్టి చేసేది కూడా కాదు. ఒక్కో మేస్త్రీ అయిదారు ఇళ్ళకి పొట్ట చీల్చి పెట్టి, ఎవరు ఎక్కువ అరిస్తే వాళ్ళకి కుట్లు వేస్తూ తిరుగుతాడు. మెత్తనివాళ్ళు రక్తం కారుతూ పడుంటారు.

ఎవడూ ముట్టుకోడన్న మాట నిజమని స్నెజీనాకి వారంలో తెలిసింది. ముగ్గురిని పిలిచింది. మొదటివాడు గుమ్మంలోంచే చూసి, "ఎవడు చేశాడమ్మా నీకిది?" అన్నాడు. లూబెన్ అని చెప్పగానే టోపీ పెట్టుకున్నాడు. రెండోవాడు టోపీ తీయనే లేదు. మూడోవాడు ఎవ్తిమ్, పెద్దాయన, నెమ్మదస్తుడు. కనీసం బల్ల దగ్గర కూర్చున్నాడు.

"ఇంకొకడి పని నేను ముట్టుకోను తల్లీ. ఎవరూ ముట్టుకోరు. రేపు పైపు కారితే అది వాడి పైపా, నా పైపా? పేరు పోయేది నాది."

"కమోడ్ ఒక్కటి పెట్టండి బాబాయ్. పద్నాలుగున పిల్ల వస్తోంది. కమోడ్, ఒక్క కుళాయి. మిగతాది ఎలా ఉన్నా ఫర్వాలేదు."

"లూబెన్‌కి తెలిస్తే నా మొహాన ఉమ్ముతాడు. ఇవాళ నేను వాడి ఇంట్లో చెయ్యి పెడితే రేపు వాడు నా ఇంట్లో పెడతాడు. అతుక్కో వాడికే. రోజూ ఫోన్ చెయ్యి. ఏడువు. ఆడవాళ్ళు ఏడిస్తే వస్తాడు, వాడిది మెత్తటి గుండె."

ఆమె ఏడ్చింది. సిగ్గు విడిచి, ఫోన్లో, దుకాణం వెనక పిండిబస్తాల మీద కూర్చుని. ఎవ్తిమ్ అన్నట్టే లూబెన్ వచ్చాడు. ఎప్పుడనుకున్నారు? నవంబర్ పద్నాలుగు, గురువారం, పొద్దున ఎనిమిదింటికి. పెన్కోవా పిల్లని తీసుకుని పదకొండింటికి వస్తుంది.

వ్యాన్లో కమోడ్, తెల్ల టైల్స్ పెట్టెలు తెచ్చాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి, రాత్రంతా లాయరు ఇంట్లో పనిచేసి వచ్చాడు. బాత్రూమ్ చూసి తల గోక్కున్నాడు.

"మూడు గంటల్లో పైపు కలపలేను. సిమెంటు ఆరదు. కానీ కనపడేటట్టు చేస్తాను."

"కనపడేటట్టంటే?"

"నేల మీద ఇసక పరిచి టైల్స్ ఊరికే పేరుస్తా. గోడకి ఆమె కళ్ళు ఆనేంత ఎత్తు వరకు అంటిస్తా. కమోడ్ దాని చోట కూర్చోబెడతా. ట్యాంకులో బకెట్టుతో నీళ్ళు పోస్తా, మూత తీసి చూసినా నీళ్ళుంటాయి. ఆవిడ చూడ్డానికొస్తోందా, కూర్చోడానికొస్తోందా?"

స్నెజీనా ఫోను చేతిలోకి తీసుకుంది. పెన్కోవాకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పొచ్చు. ఒక్క వారం గడువడగొచ్చు. కానీ సిలిస్త్రా ఇల్లు సిద్ధంగా ఉంది, కమిటీ రేపే కూర్చుంటోంది. నలభై మూడేళ్ళలో ఎవరినీ మోసం చేయని మనిషి, ఆ పొద్దున సరే అంది.

"శనివారం వచ్చి నిజంగా చేసేస్తా" అన్నాడు లూబెన్. "ఎవరూ నొక్కకుండా చూసుకో, అంతే."

పదింటికల్లా అయిపోయింది. బాగుంది కూడా. వెడుతూ వెడుతూ చేతులు తుడుచుకుని, తనే ముచ్చటపడి చూసుకున్నాడు. స్తోయ్నా పైకొచ్చి, గ్లాసుడు నీళ్ళు గుమ్మం ముందు ఒలకబోసింది, తలపెట్టిన పని నీళ్ళలా సాగాలని.

పదకొండింటికి వాళ్ళొచ్చారు. రాలిత్సా ఎర్ర కోటు వేసుకుని, గుమ్మంలో తనే బూట్లు విప్పి, జత చేసి గోడవారగా పెట్టింది. హోములో నేర్పింది అదే. మంచం మీద ఒకసారి కూర్చుని లేచింది. కిటికీ తెరిచి మూసింది. పెన్కోవా బాత్రూమ్ తలుపు తీసి, తెల్లటి గోడల వంక, మూల వంక చూసింది.

"బాగా శ్రమపడ్డారు" అంది. ఫైలు తెరిచి ఏదో టిక్కు పెట్టింది. స్నెజీనా ఆ టిక్కుని చూసింది. ఆమె జీవితంలో అంత అందమైన గీత ఇంకోటి చూడలేదు.

"కాఫీ తాగి వెళ్ళండి. బానిత్సా పొయ్యిలో ఉంది" అంది.

వంటింట్లో పొయ్యి తలుపు తీసి, రేకు బయటికి లాగుతూ ఉంది. అంతసేపే. ఆ అరనిమిషంలో పిల్ల ఎవరినీ అడక్కుండా బాత్రూమ్‌కి వెళ్ళింది. పెద్దవాళ్ళని అస్తమానం అడిగి విసిగించకూడదని హోములో చెబుతారు. పని కాగానే నీళ్ళు వదలాలని కూడా చెబుతారు. రాలిత్సా బుద్ధిమంతురాలు. మీట నొక్కింది.

బకెట్టుడు నీళ్ళూ కమోడ్ కిందనుంచి తన్నుకొచ్చాయి. ఇసకతో సహా. పేర్చిన టైల్స్ పళ్ళు రాలినట్టు ఒకదాని మీద ఒకటి జరిగాయి. కమోడ్ పక్కకి ఒరిగింది. మురికినీళ్ళు గుమ్మం దాటి వసారాలోకి, అక్కడ కాఫీ కోసం నిలబడ్డ పెన్కోవా చెప్పుల కిందికి పాకాయి.

పిల్ల లోపలే నిలబడిపోయింది, మోకాళ్ళ దాకా జారిన లాగు చేత్తో పట్టుకుని. ఏడవలేదు. మొహం తెల్లబోయింది.

"పెద్దమ్మా, నేను పాడుచేశానా?"

స్నెజీనా రేకు పొయ్యి మీదే వదిలేసి వచ్చి, నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చుని పిల్లని పట్టుకుంది. "లేదమ్మా. నువ్వు కాదు. నువ్వు కాదు." పిల్ల నమ్మలేదు. బట్టలు సర్దించుకుంటూ, వంగి ఒక టైలుని తీసి మళ్ళీ దాని చోట పెట్టబోయింది. అది నిలవలేదు.

పెన్కోవా గుమ్మంలోంచి చూస్తూ ఉంది. గోడలోంచి బయటికి చూస్తున్న మొండి పైపు ఇప్పుడు ఆమెకి కనపడుతోంది.

"ఎవరు చేశారమ్మా మీకిది?"

"నేనే" అంది స్నెజీనా.

"నేను రాసింది బూజు ఒక్కటే కదా. అది గీకి రంగేసి ఉంటే సంతకం పెట్టేసేదాన్ని. ఇంత అవసరమే లేదు." ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఇప్పుడు నేనేం రాయను? నీళ్ళు లేవు, పైగా నన్ను మోసం చేశారు. కళ్ళు మూసుకుని సంతకం పెడితే రేపు నా ఉద్యోగం పోతుంది."

ఎర్ర కోటు వేసుకుని పిల్ల మెట్లు దిగింది. రెండో అంతస్తు దగ్గర ఆగి పైకి చూసింది. "పెద్దమ్మా, ఆ టైల్ పగల్లేదు. నేను చూశాను, పగల్లేదు" అని చెప్పింది. బానిత్సా మర్చిపోయారు.

శుక్రవారం కమిటీ పావుగంట కూర్చుంది. శనివారం పొద్దున కారొచ్చి పిల్లని సిలిస్త్రా తీసుకుపోయింది.

శనివారం వస్తానన్న లూబెన్ సోమవారం వచ్చాడు. స్తోయ్నా మెట్ల మీదే ఆపి జరిగింది చెప్పింది. అతను తల దించుకుని పైకెళ్ళి, పని మొదలెట్టాడు. పైపులు మార్చాడు. నేలకి వాలు పెట్టి సిమెంటు పోశాడు. టైల్స్ అంటించాడు, సందులు నింపాడు, కుళాయి బిగించాడు. బుధవారం సాయంత్రానికి పూర్తయింది.

మూడు రోజులు. ఆ పని మొత్తం మూడు రోజులది. ముప్ఫై ఏడు రోజుల్లో ఏ మూడు రోజులైనా సరిపోయేవి.

"డబ్బులొద్దు" అన్నాడు బల్ల ముందు నిలబడి. "చూశావా, అద్దంలా మెరుస్తోంది."

బల్ల మీద రకియా లేదు. ఆర్డర్ల పుస్తకం తెరిచి ఉంది, పక్కన పెన్ను. ఆ మధ్యాహ్నమే స్నెజీనా కమిటీ ఆఫీసుకి వెళ్ళొచ్చింది. కిటికీ అవతలి గుమాస్తా చెప్పాడు, నిర్ణయం మీద అభ్యంతరం పెట్టుకోవచ్చు, నెలాఖరు శుక్రవారం దాకా గడువుంది, కాకపోతే ఆలస్యం మీది కాదని పని చేసినతను రాసివ్వాలి. నోటిమాట చెల్లదు.

"రాయి" అంది స్నెజీనా. "ఏ రోజు పగలగొట్టావో, ఏ రోజు పూర్తిచేశావో. మధ్యలో రానిది నువ్వేనని. గురువారం నాడు అలా పేర్చింది నీ చెయ్యేనని. నేనొప్పుకున్నానని కూడా రాయి, దాచొద్దు. కింద సంతకం పెట్టు."

లూబెన్ కుర్చీలో కూలబడ్డాడు. "నన్ను ముంచుతావా స్నెజీనా? ఇలాంటి కాగితం ఒక్కటి బయటికెడితే నన్నెవరు పిలుస్తారు? పన్నుల తనిఖీవాళ్ళు నా వెంటపడతారు. నా ఇంట్లో బాత్రూమే పదకొండేళ్ళుగా పగలగొట్టి ఉంది, తెలుసా? నా పెళ్ళాం విసిగి వాళ్ళమ్మ దగ్గరికి పోయింది. నేను కావాలని చేసేవాడినైతే ముందు నాది చేసుకునేవాడిని."

"తెలుసు. రాయి."

"ఆలోచించి చెబుతా. రేపు."

ఆ మాట అన్నాక అతనే ఉలిక్కిపడ్డాడు. సమ్మెట తీసుకుని వెళ్ళిపోయాడు.

స్నెజీనా ఆ బాత్రూమ్ వాడట్లేదు. ఇప్పటికీ స్తోయ్నా ఇంటికే దిగుతోంది, తువ్వాలు భుజాన వేసుకుని. స్తోయ్నా తిట్టి చూసింది, బతిమాలి చూసింది. "పిల్లకి చూపించకుండా నేనెలా వాడను" అంటుంది. ఆదివారం అలవాటు కొద్దీ బానిత్సా చేసి, కాగితంలో చుట్టి, బస్టాండు దాకా వెళ్ళి, సిలిస్త్రా బస్సు వెళ్ళిపోయేదాకా నిలబడి వెనక్కొచ్చింది. హోము నుంచి ఒకామె కబురు పంపింది, పిల్ల సిలిస్త్రాలో బాత్రూమ్‌కి వెళ్ళాక నీళ్ళు వదలడానికి భయపడుతోందట. ఎవరైనా పెద్దవాళ్ళు వచ్చి నొక్కేదాకా పక్కన నిలబడుతోందట.

గడువు ఈ శుక్రవారం సాయంత్రం అయిదింటికి. ఇవాళ మంగళవారం.

లూబెన్ మేస్త్రీ, ఆ పుస్తకం ఇప్పుడు స్తోయ్నా కుట్టుమిషను మీద ఉంది. పొద్దున వ్యాన్ ఎక్కేముందు ఆగు. ఏడ్చి, ఫోన్లు చేసి నిన్ను పిలవం ఇక. నువ్వే వచ్చి రాసి సంతకం పెట్టు. ఎవ్తిమ్, నువ్వూ, మిగతా ఇద్దరూ రండి, ఆ ఇంటికొచ్చి ఎందుకు తిరిగిపోయారో మీ మాటల్లోనే కింద రాయండి. మూడో గుమ్మం వాళ్ళు పద్దెనిమిది ఇళ్ళవాళ్ళూ దిగండి. లూబెన్ మన ఇళ్ళలో ఎన్ని నెలలు తిన్నాడో ఎవరి నెలలు వాళ్ళు రాసి పేరు పెట్టండి, ఈసారి నవ్వకుండా. పెన్కోవా మేడమ్, మీరు ఆ ఫైలు మళ్ళీ తెరవండి. నాలుగో అంతస్తుకి ఎక్కి, ఆ మీట మీరే నొక్కి చూసి, చూసింది రాయండి. కమిటీ వాళ్ళూ, సిలిస్త్రాకి కారు పంపండి. పిల్లని తీసుకొచ్చి ఆ తెల్ల బాత్రూమ్ గుమ్మంలో నిలబెట్టి, పాడుచేసింది నువ్వు కాదమ్మా, మేమని మీ నోటితో చెప్పండి. శుక్రవారం అయిదింటిలోపు.